మావటి వెనుక కావడి

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే దారిలో, పలమనేరు దాటాక ఏనుగులున్నాయి జాగ్రత్త అనే బోర్డులు ఎదురవుతాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు జాయపసేనాని గుర్తుకొస్తాడు. నృత్తరత్నావళి కర్తగానే మనం ఆయన్ని తలచుకుంటాం గాని, కాకతీయ గణపతిదేవుని కొలువులో ఆయన పదవి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. తర్వాతి కాలంలో విజయనగరపు రెండవ దేవరాయలు గజబేటకారుడని బిరుదు ధరించాడు. ఏనుగును పట్టి, మచ్చిక చేసి, పోషించే విద్య అప్పట్లో రాచకార్యం. రాజ్యాలతోపాటే మనవైపు ఆ విద్యా అంతరించింది.

1980లలో హోసూరు అడవుల నుంచి ఏనుగులు కుప్పం వైపు రావటంతో ఆ లోటు బయటపడింది. సుమారు రెండు వందల ఏళ్ళుగా అడవి ఏనుగును ఎరుగని పల్లెలవి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కందకాలు తవ్వారు, సౌరవిద్యుత్ కంచెలు వేశారు. కాని పంటచేలు మరిగిన గుంపును మళ్ళించాలంటే కుంకీ ఏనుగులు కావాలి. రామకుప్పం దగ్గరి ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే రెండు ఏనుగులు ఎన్నో ఏళ్ళు ఆ బరువు మోశాయి.

కుంకీ అంటే ఏనుగొక్కటే కాదు. దానికొక మావటి, ఆ మావటి కింద ఒక కావడి. కావడి మేత కోసుకొస్తాడు, ఏట్లో ఒళ్ళు తోముతాడు, రాగిముద్దలు (మన సంగటే లెండి!) తినిపిస్తాడు. రాత్రి గొలుసుతో అడవిలోకి వదిలిన ఏనుగును తెల్లవారి గొలుసు ఈడ్చిన జాడపట్టి వెతికి తెస్తాడు. మెడమీద కూర్చున్న మావటి చెవుల వెనుక కాలివేళ్ళతో చెప్పే భాషను కింద నిలబడి నేర్చుకుంటాడు. ఏళ్ళు గడిస్తేగాని మావటి కాలేడు. కర్ణాటకలో ఈ గురుపరంపర తెగలేదు. కాకనకోటె ఖెడ్డాలు 1971తో ముగిసినా, జేనుకురుబల ఇళ్ళలో తండ్రి నుంచి కొడుక్కు ఆ విద్య అందుతూనే వచ్చింది.

ఈ విషయమై 2024 సెప్టెంబరు 27న విజయవాడలో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ వద్ద కృష్ణ, అభిమన్యు, దేవ, రంజన్ అనే కుంకీలను మనకు అప్పగించారు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. ఏనుగుల ఫొటోలు అందరూ చూశారు. నాకు మాత్రం ఒప్పందంలో మావటులకు, కావడులకు కర్ణాటకవారు శిక్షణ ఇవ్వాలన్న మాటే అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. ఏనుగును లారీలో తేవచ్చు, ముప్పై ఏళ్ళ అనుభవాన్ని తేలేం. కణతల దగ్గర తడి కనబడగానే మదం వస్తోందని పసిగట్టి గొలుసు బిగించేవాడు లేకపోతే, కుంకీయే ఊరికి ప్రమాదం.

నేర్పడానికి వచ్చిన గురువులు ఎప్పటికైనా తమ ఊళ్ళకు వెళ్ళవలసినవాళ్ళే. మిగిలేది మన కుర్రాళ్ళు. అధికారి బదిలీ అయితే జీపు తాళాలు కొత్తవారి చేతికి ఇస్తే సరిపోతుంది. కొత్త మనిషిని ఏనుగు ఒప్పుకోవటానికి నెలలు పడుతుంది. ఈ కావడులకు జీతం సక్రమంగా ఇచ్చి, పదేళ్ళపాటు ఒకే ఏనుగు దగ్గర ఉంచుతారా? ఉంచితే వాళ్ళ కింద చేరబోయే కావడులకు తెలుగులోనే పాఠం చెప్పే మావటులు ఉంటారు.