తాబేలు పిల్ల మగదా, ఆడదా? చిన్నప్పుడు ఎందుకు చెప్పలేం

ఇంటికి తెచ్చిన తాబేలు పిల్లకు పిల్లలు ముచ్చటపడి ‘సుల్తాన్’ అని పేరు పెడతారు. ఏడెనిమిదేళ్ల తర్వాత ఒక ఉదయం ఆ సుల్తాన్ పెరట్లో గుంట తవ్వి గుడ్లు పెట్టేస్తుంది. తాబేళ్లు పెంచేవాళ్లకు ఇది కొత్త కాదు. అరచేతిలో ఇమిడే పిల్లను చూసి మగ, ఆడ తేల్చడం పైచూపుతో అయ్యే పని కాదు.

కోళ్లు, చిలుకలు, పావురాలు పెంచిన అలవాటు ఉన్నవాళ్లకు ఇది వింతగా అనిపించవచ్చు. చిలుక ఈక ఒకటి ల్యాబుకు పంపితే డీఎన్‌ఏ టెస్టులో మగ, ఆడ తెలిసిపోతుంది. తాబేలుకు ఆ దారి లేదు. ఎక్కువ రకాల నేల తాబేళ్లలో మగ, ఆడలను నిర్ణయించే వేరు క్రోమోజోములే లేవు. గుడ్డు పొదిగే రోజుల్లో, ముఖ్యంగా మధ్య కాలంలో, మట్టి ఎంత వేడిగా ఉందన్నదే నిర్ణయిస్తుంది. 28, 29 డిగ్రీల దగ్గర ఉంటే ఎక్కువగా మగవి, 32, 33 డిగ్రీలకు చేరితే ఎక్కువగా ఆడవి పుడతాయి. మధ్యలో ఉంటే రెండూ కలిసి వస్తాయి. ఈ హద్దు రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఏ వేడిలో పొదిగించాడో చెప్పగలిగిన పెంపకందారు దగ్గర కొంటే ఓ అంచనా దొరుకుతుంది. అంచనా మాత్రమే, గ్యారంటీ కాదు.

అందుకే ‘పక్కా జోడీ’ అని చెప్పి రెండు పిల్లలకు ఎక్కువ రేటు అడిగే అమ్మకందారును నమ్మకూడదు. బొటనవేలంత పిల్లల్లో జోడీ ఎవరికీ తెలియదు. డిప్ప రంగు, తల సైజు, తిప్పితే కాళ్లు ఎలా కొట్టుకుంటుంది అనే గుర్తులన్నీ ఉత్త మాటలే. ఒకదాని మీద ఒకటి ఎక్కడం కూడా గుర్తు కాదు. పెత్తనం చూపించడానికి ఆడవి కూడా ఎక్కుతాయి.

పెరిగాక గుర్తులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మొదట చూడాల్సింది తోక. మగదాని తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది, తరచూ పక్కకు మడిచి పెట్టుకుంటుంది. ఆడదాని తోక పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. మలద్వారం మగదానిలో తోక చివరి వైపుకు, ఆడదానిలో ఒంటికి దగ్గరగా ఉంటుంది. తర్వాత కింది డిప్ప. చాలా రకాల్లో మగదానికి అది లోపలికి గుంటలా వంగి ఉంటుంది, ఆడదానికి చదునుగా ఉంటుంది. తోక దగ్గర కింది డిప్ప చివరి రెండు పలకల మధ్య సందు మగదానిలో వెడల్పు. తోక కదలడానికి చోటు కావాలి కదా. గుంట మాత్రం ఆలస్యంగా వస్తుంది, కాబట్టి చదునుగా ఉంది అనగానే ఆడదని రాసేసుకోకూడదు.

ఎప్పటికి తెలుస్తుంది? దానికి వయసు కాదు, సైజు లెక్క. ఎక్కువ తిండి దొరికింది తొందరగా పెరుగుతుంది. గల్ఫ్‌లో ఉండే మనవాళ్ల ఇళ్లలోనూ కనిపించే సుల్కాటా, అంటే ఆఫ్రికా పెద్ద తాబేలు, డిప్ప పొడవు 30 నుంచి 35 సెంటీమీటర్లు వచ్చేదాకా నమ్మకంగా చెప్పలేం. దీనిలో మగది పెద్దది, మెడ కింద ముందుకు పొడుచుకొచ్చిన పలక కూడా మగదానికే పెద్దగా ఉంటుంది. నక్షత్ర తాబేలులో లెక్క తిరగబడుతుంది, ఆడదే పెద్దది. అక్వేరియం షాపుల్లో దొరికే ఎర్రచెవుల నీటి తాబేలులో కూడా ఆడదే పెద్దది. మగదానికి ముందు కాళ్ల గోళ్లు చాలా పొడుగు.

ఇంట్లో చూడాలంటే తాబేలును బోర్లా తిప్పి పట్టుకోవద్దు. గోరువెచ్చని లోతులేని నీళ్లలో కాసేపు ఉంచితే అది వదులై తోక చాపుతుంది. అడుగు కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కింద నుంచి ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు. ఆరునెలలకోసారి అదే పని చేసి, పక్కన పొడవు రాసి పెట్టుకుంటే తేడా మనకే కనిపిస్తుంది. స్నానం సమయంలో మగది కొన్నిసార్లు ముదురు రంగు అవయవం బయటపెడుతుంది. పేగు జారిందని భయపడతారు. కాసేపట్లో లోపలికి పోతే భయం లేదు, మగదని రుజువు అయినట్టే. పోకపోతే వెంటనే డాక్టరుకు చూపించాలి. తాబేలును ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించడం మరవద్దు. సాల్మొనెల్లా క్రిమి దాని ఒంటి మీద ఉండవచ్చు.

చిన్నప్పుడే కచ్చితంగా తెలియాలంటే ఒక దారి ఉంది. మత్తు ఇచ్చి, వెనక కాలి ముందున్న మెత్తటి చోట చిన్న గాటు పెట్టి సన్నని కెమెరాతో లోపలి అవయవాలు చూస్తారు. సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరే చేయాలి. పేరు పెట్టుకోవడం కోసం ఒక పెంపుడు పిల్లను ఇంత కష్టపెట్టడం అనవసరం. ఎక్స్‌రేలో కనిపించేది గుడ్లే, అంటే పెరిగిన ఆడదానికే పనికొస్తుంది.

మరి తెలుసుకోవడం ఎందుకు? రెండు మగవి ఒకేచోట ఉంటే పోట్లాడుకుని ఒకదాన్ని ఒకటి తిప్పేస్తాయి. ఎండలో వెల్లకిలా పడి లేవలేని తాబేలు చనిపోవచ్చు. ఆడది ఒంటరిగా ఉన్నా, మగదాన్ని ఎప్పుడూ చూడకపోయినా గుడ్లు పెట్టగలదు. ఇంట్లో అంతా టైల్సే ఉండి తవ్వడానికి మట్టి లేకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం మీదకు వస్తుంది. తిండి మానేయడం, కుదురు లేకుండా తిరగడం, వెనక కాళ్లతో నేల గీకడం దాని గుర్తులు. మగదనుకుని ఎవరూ పట్టించుకోని తాబేలుకే ఇది ఎక్కువ ప్రమాదం.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పాలి. రాయలసీమ మెట్ట నేలల్లో సహజంగా దొరికే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. అంతర్జాతీయ వ్యాపారం 2019 నుంచి నిషేధం. ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి. సుల్కాటా లాంటి విదేశీ రకాలు ఉంటే పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు పర్మిట్ లేకుండా లగేజీలో తేవడం కుదరదు. ఎర్రచెవుల తాబేలు పెద్దదై బరువనిపించినా చెరువులో వదలకూడదు. అది అక్కడి దేశీ తాబేళ్ల తిండి, చోటు లాగేసుకుంటుంది.

సుల్తాన్ గుడ్లు పెట్టాక తోడు లేనిదైతే వాటిని తీసేయొచ్చు, వాటిలో పిల్ల ఉండదు. కానీ పెద్దయ్యాక కొన్న ఆడదైతే, పాత కలయిక తర్వాత కొన్నేళ్లకు కూడా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. గుడ్లు పెట్టిన రోజు నీళ్లు ఎక్కువ ఇచ్చి, పంజరాల్లో పక్షులకు పెట్టే కటిల్ బోన్ ముక్క దగ్గర ఉంచాలి. మళ్లీ కొన్ని వారాల్లో ఇంకో విడత గుడ్లు రావచ్చు కాబట్టి తవ్విన మట్టిని అలాగే వదులుగా ఉంచాలి.