సురేకారం వర్తకం: యుద్ధకాలపు ధరలు

2020లో అమెరికాలో తుపాకి తూటాలకు కరువు వచ్చింది. మహమ్మారి భయం, వీధుల్లో ఆందోళనలు, ఎన్నికల సంవత్సరం అన్నీ కలిసి జనాన్ని తూటాల దుకాణాల మీదికి తోలాయి. 9 మిల్లీమీటర్ల తూటా ధర కొద్ది నెలల్లో ఇంతకింతైంది. మనిషికి ఇన్ని పెట్టెలే అని దుకాణదారులు హద్దు పెట్టారు. తూటాలు ఇంట్లోనే కూర్చుకునే అలవాటున్నవాళ్లు విడిభాగాల కోసం వెళితే వాటిలో ముఖ్యమైన ప్రైమర్లే దొరకలేదు. ఇది అదను చూసి గుంజటమని కొనేవారన్నారు. గిరాకీ పెరిగితే ధర పెరగటం సహజం, ఇందులో పాపమేమిటని అర్థశాస్త్రం చదివినవారన్నారు. ఈ రెండు పక్షాలూ దుకాణం బల్లకు అటూ ఇటూ నిలబడి వాదించుకున్నాయే గాని, బల్ల వెనక వున్న కార్ఖానా వరకూ, ఆ కార్ఖానాకు ముడిసరుకు పంపే మనిషి వరకూ ఎవరి చూపూ పోలేదు. అంతదూరం చూడటానికి మనకొక మంచి ఆధారం వుంది. అది మన దేశపు సురేకారం వర్తకం.

పాతకాలపు తుపాకిమందులో ముప్పాతిక వంతు సురేకారమే. తక్కినది బొగ్గు, గంధకం. బొగ్గు ఎక్కడైనా కాల్చుకోవచ్చు, గంధకం కొద్దిగా చాలు. కాబట్టి యుద్ధం చేయదలచిన ప్రతి రాజూ సురేకారం కోసం వెతుక్కోవలసి వచ్చింది. మన పల్లెల్లో పెట్లుప్పు అనే ఈ పదార్థం పశువుల మూత్రమూ పేడా యింకిన పాతమట్టిలో, వేడీ తేమా కలిసిన చోట పుడుతుంది. చలిదేశాల్లో అది పుట్టటం ఆలస్యం, పుట్టేది తక్కువ. ఇంగ్లండులో రాజు ఆజ్ఞాపత్రం చేతబట్టుకున్న సురేకారపు మనుషులు గుర్రపుశాలలూ, పావురాల గూళ్లూ, చివరికి సంసారుల ఇంటినేలలూ తవ్విపోసేవారు. 1626లో మొదటి చార్లెస్ రాజు ప్రజలు తమ మూత్రాన్నీ పశువుల మూత్రాన్నీ ఏడాది పొడుగునా దాచి ఇవ్వాలని ప్రకటన చేశాడు. నవ్వు రావచ్చు గాని, ఆ నవ్వు వెనక ఇంటినేల పోగొట్టుకున్నవాడి కోపం వుంది. పార్లమెంటులో రాజు మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. 1656లో యజమాని అనుమతి లేకుండా తవ్వరాదని శాసనం వచ్చింది. రాజును ఎదిరించినవారి పట్టుదల ఇందుకొక కారణమైతే, తూర్పుదేశపు ఓడల్లో సురేకారం దిగుతూ వుండటం రెండో కారణం. ఇంగ్లండు చరిత్ర పుస్తకాలు మొదటిదాన్ని చెప్పినంత గట్టిగా రెండోదాన్ని చెప్పవు. ఇంగ్లీషువాడి ఇంటినేలకు దొరికిన విముక్తిలో మన మట్టికీ వాటా వుంది.

ఆ మట్టి మొదట్లో మన కోస్తాది కూడా. డచ్చివాళ్లు పులికాట్ కోటలో తుపాకిమందు తయారుచేసి బటేవియాకు పంపేవారు. కాని పదిహేడో శతాబ్దం మధ్యనుంచి బజారు బీహారుకు మారింది. పాట్నా చుట్టూ, గంగకు ఉత్తరాన సారన్, తిర్హుత్ ప్రాంతాల్లో దొరికే సురేకారం మేలైనది, చవకైనది. ఓడ అడుగున బరువు కోసం ఏదో ఒకటి వేయాలి గనక, సురేకారం ఆ పనికీ వచ్చేది. డచ్చివాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ, ఫ్రెంచివాళ్లూ అక్కడ చేరారు. సముద్రం మీద పరస్పరం ఫిరంగులు పేల్చుకునే ఈ కంపెనీలు పాట్నాలో మాత్రం కొన్ని సందర్భాల్లో ఒక్కటై, కలిసి కొని ధర పెరగకుండా చూద్దామని ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ మందుతో మళ్లీ ఒకరినొకరు కాల్చుకోవటానికి వారికేమీ అభ్యంతరం లేకపోయింది!

యుద్ధం వస్తే ధర పెరుగుతుందన్నది వర్తకులకు అనుకోకుండా జరిగే విషయం కాదు. 1693లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాజు ఇచ్చిన పట్టాలో ఒక షరతు వుంది. కంపెనీ ప్రతి ఏడూ 500 టన్నుల సురేకారం ప్రభుత్వానికి అమ్మాలి. ధర శాంతికాలంలో టన్నుకు 38 పౌనుల 10 షిల్లింగులు, యుద్ధకాలంలో 45 పౌనులు. ఈ షరతు ఆలోచించదగ్గది. యుద్ధకాలంలో ఓడల భీమా పెరుగుతుంది, నావికుల జీతాలు పెరుగుతాయి, నిజమే. కాబట్టి హెచ్చుధరలో కొంత న్యాయం వుందని ఒప్పుకుందాం. రాజు తన బలంతో ఆ హెచ్చుకొక గరిష్ఠపు హద్దు కూడా వేసుకున్నాడు. కొనేవాడు రాజైతే గుంజటానికి కూడా లెక్క వుంటుంది. ఆ షరతులో రాజున్నాడు, కంపెనీ వుంది. మట్టి గీకినవాడి మాట లేదు.

ఆ మనిషి పేరు నూనియా. వానలు వెలిసి నేల ఆరిన తరవాత, ఇళ్ల చుట్టూ పశువులు కట్టేసిన చోట్లా నేల మీద తెల్లగా పొంగిన ఉప్పుమన్నును పారతో గీకి పోగుచేస్తాడు. అడుగున బెజ్జమున్న మట్టితొట్టిలో వేసి నీళ్లు పోస్తాడు. బొట్టుబొట్టుగా దిగిన నీటిని కాచి, చల్లారబెట్టి, పలుకు కట్టిన ముతక సురేకారాన్ని తీస్తాడు. కుటుంబమంతా చేయవలసిన పని ఇది. పెట్టుబడి మాత్రం అతనిది కాదు. సేటు దగ్గర కంపెనీ సరుకు బేరమాడుకుంటుంది, సేటు దళారులకిస్తాడు, దళారులు నూనియాకు బయానా ఇస్తారు. దీన్నే దాదనీ అన్నారు. బయానా తీసుకున్నవాడు వేరొకరికి అమ్మరాదు. పంట తక్కువై బాకీ మిగిలితే అది వచ్చే ఏటికి సాగుతుంది. అయినా కొనేవాళ్లు ముగ్గురు నలుగురున్నంత కాలం, ఒకడు మరీ బిగిస్తే రెండోవాడి వాకిలి చూపించే వీలు కనీసం దళారికైనా వుండేది.

ప్లాసీ తరవాత ఆ వీలూ పోయింది. 1758లో క్లైవు మీర్ జాఫరు చేత బీహారు సురేకారం గుత్త కంపెనీకి రాయించుకున్నాడు. అంతకు ముందు ఆ గుత్త ఖ్వాజా వాజిద్ అనే ఆర్మీనియను వర్తకుడిది. అంటే గుత్త కొత్తది కాదు. గుత్తదారే సైన్యమున్న దొర కావటం కొత్త. డచ్చివాళ్లు ఇక ఇంగ్లీషువాళ్లు కేటాయించిన వాటాతో తృప్తిపడవలసి వచ్చింది. 1759లో వారు బటేవియానుంచి సైన్యం రప్పించి బేదరా దగ్గర ఓడిపోవటానికి దారితీసిన కినుకల్లో ఇదొకటి. ఏడేళ్ల యుద్ధంలో వున్న ఫ్రెంచివాళ్లకైతే బీహారు తలుపే మూసుకుపోయింది.

ఇక్కడే చరిత్ర తన తమాషా చూపిస్తుంది. ఆ యుద్ధంలో మందు కొరతతో నలిగిన ఫ్రాన్సు 1775లో పాత కాంట్రాక్టుదారులను తొలగించి ప్రభుత్వ తుపాకిమందు సంస్థను స్థాపించింది. దాన్ని నడపటానికి నియమించినవారిలో లవోయిజె ఒకడు. రసాయనశాస్త్ర పితామహుడుగా మనం తరగతుల్లో చెప్పుకునే ఆ లవోయిజే. కొద్ది ఏళ్లలో ఫ్రాన్సుకు మిగులు మందు చేకూరింది.

అదే సమయానికి అట్లాంటిక్ అవతల ఇంకొక కొనుగోలుదారు తయారయ్యాడు. 1774 అక్టోబరులో ఇంగ్లండు ప్రభుత్వం అమెరికా వలసలకు ఆయుధాలూ మందూ ఎగుమతి కాకుండా నిషేధించింది. 1775 ఆగస్టులో వాషింగ్టన్ బాస్టను బయట సైన్యం లెక్క చూసుకుంటే మనిషికి తొమ్మిది తూటాలకు మించి మందు లేదు. ఇంట్లో సురేకారం తీయటమెట్లాగో చెప్పే కరపత్రాన్ని కాంగ్రెసు అచ్చు వేయించి పంచింది. మందు తెచ్చిన ఓడకు, దాని విలువకు సరిపడా సరుకు ఎగుమతి చేసుకునే హక్కు ఇచ్చింది. అయినా మొదటి రెండున్నర ఏళ్లలో వారు వాడిన మందులో తొంభై శాతానికి పైగా, మందు రూపానగాని సురేకారం రూపానగాని, పైనుంచి వచ్చిందే. కరిబియనులో డచ్చివారి సెయింట్ యుస్టేషియస్ దీవి ఈ దొంగవర్తకానికి సంత అయింది. ఫ్రాన్సునుంచి సరుకు పంపటానికి 1776లో ఒక బూటకపు వర్తక సంస్థ వెలిసింది. ఫ్రెంచి ప్రభుత్వం పది లక్షల లివ్రులు, స్పెయిన్ పది లక్షలు రహస్యంగా అందులో పెట్టాయి. దాన్ని నడిపినవాడు బొమార్షె, ఫిగారో నాటకాలు రాసిన ఆయనే. (నాటకకర్తలకు లోకజ్ఞానం తక్కువనేవారు దీన్ని గమనించాలి.) సరుకు ధారాళంగా ఇచ్చాడు గాని డబ్బు రాబట్టుకోలేకపోయాడు. ఆ బాకీలో ఎనిమిది లక్షల ఫ్రాంకులు 1835లో అతని వారసులకు ముట్టాయి. బీహారులో తలుపు మూసిన చెయ్యే తనకు తెలియకుండా బాస్టనుకు ఇంకొక తలుపు తెరిచిందని నేను అనుకుంటాను.

ఇదే కథ 1861లో మళ్లీ జరిగింది. అంతర్యుద్ధం మొదలైన ఏడు, ఉత్తర రాష్ట్రాల ప్రభుత్వం కోసం లమ్మొట్ డ్యుపాంట్ అనే మందు కార్ఖానాదారు నవంబరులో లండన్ చేరాడు. ధర పెరగకముందే కొనాలి, కొంటున్నది ఎవరో తెలియకూడదు. బజారులో వున్నదీ, ఇండియానుంచి దారిలో వున్నదీ కలిపి సుమారు రెండువేల టన్నుల సురేకారం కొన్నాడు. సరిగ్గా అప్పుడే ట్రెంట్ ఓడ తగాదా ముదిరింది. ఇంగ్లండు ఎగుమతి నిషేధించింది. 1862 జనవరిలో, తగాదా తీరాక గాని సరుకు కదలలేదు. అయితే డ్యుపాంట్ సంచిలో ఇంకొక దారి వుంది. దక్షిణ అమెరికా నైట్రేటుతో మందు చేసే పద్ధతికి అతను 1857లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ దారి లేని దక్షిణ రాష్ట్రాలవాళ్లు గుహలు తవ్వారు. 1863లో అలబామాలోని సెల్మా పట్నంలో, స్త్రీలు ఇంటి మూత్రాన్ని పారబోయక దాచిపెడితే బండి వచ్చి తీసుకుపోతుందని పత్రికలో ప్రకటన వచ్చింది. చార్లెస్ రాజు మళ్లీ బతికి వచ్చాడన్నమాట, ఈసారి బానిసల యజమానుల వేషంలో.

ఈ మధ్య మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: ‘అయితే మేస్టారూ, ఇందులో ఎవరు ఎవరిని దోచినట్టు?’ నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుణ్ణి పెట్టుకుంది, వాషింగ్టన్‌కు నాటకకర్త దొరికాడు, డ్యుపాంట్‌కు పేటెంటు వుంది. ధర పెరిగినప్పుడు వీళ్లందరికీ ఏదో ఒక దారి మిగిలింది. దారులు కొనేవారికే వున్నాయి. అమ్మేవాడైన నూనియాకు 1758 తరవాత కొనేవాడు ఒక్కడే. ఇక లండనులో ధర ఎంతైతే అతనికేమిటి?

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో చిలీ నైట్రేటూ, జర్మనీ పొటాషూ వచ్చి బీహారు వర్తకాన్ని పడగొట్టాయి. నూనియాలు చాలామంది మట్టిపనికి మళ్లారు. ఉప్పు పేరు మోస్తున్న మన ఉప్పరులు చెరువులూ కట్టలూ తవ్వుకు బతికినట్టే. సురేకారం పని వదలనివాళ్లకు ఇంకొక చిక్కు వచ్చింది. సురేకారం కాచినప్పుడు దానితోపాటు మామూలు ఉప్పు కూడా విడివడుతుంది. ఉప్పు ప్రభుత్వపు పన్ను సరుకు. కాబట్టి కాచటానికి లైసెన్సు కావాలి, విడివడిన ఉప్పుకు పన్ను కట్టాలి, లేకపోతే దాన్ని అధికారి కళ్లెదుట మట్టిలో కలిపేయాలి. కుండ అడుగున తెల్లగా మిగిలిన ఆ ఉప్పును ఇంటికి తీసుకుపోయి గంజిలో వేసుకుంటే నేరం.