నూనె, ఆయిల్

నూవు, నెయ్యి కలిసి ‘నూనె’ అయింది. అంటే పుట్టుకతో అది నువ్వుల నూనె మాత్రమే. తర్వాత ఆముదానికీ వేరుశనగకూ పాకింది. తమిళంలో ‘ఎణ్ణెయ్’ పుట్టుకా ఇదే: ఎళ్ అంటే నువ్వులు. ఇంగ్లిషు ‘ఆయిల్’ మూలం గ్రీకులో ఆలివ్ నూనె. పొయ్యి దగ్గర నూనె అనే మనం బండి దగ్గరికి వచ్చేసరికి ఆయిల్ అంటాం. భూమిలోంచి తోడేది మాత్రం చమురు.

మెకానిక్ నోట వినే ‘ట్వంటీ ఫార్టీ’ డబ్బా మీద 20డబ్ల్యూ-40. డబ్ల్యూ అంటే వింటర్. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనానికి గుర్తు. రెంటచింతల, రామగుండం ఎండల్లో గాలితో చల్లబడే ఇంజిన్‌కు ముఖ్యం ఈ రెండో అంకే. వేడికి ఆయిల్ మరీ పలచబడితే లోహాల మధ్య పొర నిలవదు. అలాగని అవసరానికి మించి చిక్కనిది పోస్తే ఇంజిన్‌కు బరువు, మైలేజీకి నష్టం.

క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బైకులకు డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ గుర్తు ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. వేసవి ప్రయాణానికి ముందు మీ బండి మాన్యువల్ తెరిచి, అందులో చెప్పిన గ్రేడే అడిగి పోయించుకోండి.