అడవిని దాచిపెట్టిన పంతులమ్మ

మినియాపొలిస్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే: ఎముకలు కొరికే చలి, మాల్ ఆఫ్ అమెరికా. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలొచ్చినా ముందు ఆ మాల్‌కే తీసుకెళ్తాం. ఊరికి పడమటి పక్కన థియొడోర్ వర్త్ పార్కులో పదిహేనెకరాల అడవితోట ఒకటుందని చాలామందికి తెలీదు. పేరు ఎలొయీస్ బట్లర్ అడవిపూల తోట. 1907లో మొదలైంది. అమెరికాలో జనం కోసం పెట్టిన అడవిపూల తోటల్లో ఇదే అన్నిటికన్నా పాతదని చెప్తారు.

ఎవరీ బట్లరమ్మ? 1851లో మెయిన్ రాష్ట్రంలో ఆపిల్టన్ అనే పల్లెలో పుట్టింది. అంటే మినసోటాకి ఆవిడ కూడా వలసొచ్చిన మనిషే. ఇక్కడి హైస్కూళ్ళలో వృక్షశాస్త్రం చెప్పేది. ఊరు పెరుగుతోంది. బురదనేలల్లో నీళ్ళు తోడేసి ఇళ్ళ స్థలాలు చేస్తున్నారు. పిల్లలకి చూపిద్దామంటే మొక్కలే మాయమైపోతున్నాయి. చూసి చూసి తోటి టీచర్లతో కలిసి 1907లో పార్క్ బోర్డుకి అర్జీ పెట్టింది. వాళ్ళు మూడెకరాలు వదిలారు. 1911లో బడి నుంచి రిటైరై, ఆ తోట బాధ్యత ఒంటిచేత్తో ఎత్తుకుంది. పూలు కోసుకుపోయేవాళ్ళ బెడద పడలేక 1924లో సొంత డబ్బుతో కంచె వేయించింది. 1929లో తోటకి ఆవిడ పేరే పెట్టారు. 1933 ఏప్రిల్ 10న పోయేనాటికి ఎనభై దాటినా, ఆ వసంతం పనులకి తయారవుతూనే ఉంది. ఆవిడ కోరిక ప్రకారం చితాభస్మం ఆ తోటలోనే చల్లారు. కాశీకి పోవక్కర్లేకుండా!

సరే, ఇక పూల సంగతి. మార్చి చివర్లో, నేల ఇంకా మంచుమీదుండగానే స్కంక్ క్యాబేజీ లేస్తుంది. ఇది మన కంద, చేమల కుటుంబమే. తన ఒంట్లోంచి వేడి పుట్టించుకుని చుట్టూ ఉన్న మంచుని కరిగించుకుంటుంది. కుళ్ళిన మాంసం వాసనకి ఈగలు మూగుతాయి. కందపువ్వు వాసన ఎరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఏప్రిల్లో హెపాటికా, బ్లడ్‌రూట్. బ్లడ్‌రూట్ దుంప గిల్లితే రక్తంలా ఎర్రటి పాలు. రేకులు రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. గింజకి అంటుకుని ఉండే కొవ్వు ముక్క కోసం చీమలు దాన్ని పుట్టలోకి మోసుకెళ్ళి, తినాల్సింది తిని, గింజ పారేస్తాయి. అక్కడ మొలుస్తుంది.

మే నెలలో ట్రిలియం. మారేడు దళంలా మూడాకులు, వాటి మీద మూడు తెల్ల రేకులు. గింజ వేశాక పువ్వు చూడాలంటే ఏడేళ్ళకి పైమాటే. జూన్లో వచ్చే లేడీ స్లిప్పర్ ఇంకా ఘనం: పదహారేళ్ళ దాకా పట్టచ్చు. మన గ్రీన్ కార్డు లైను గుర్తొస్తే నా తప్పు కాదు. 1902 నుంచీ ఇది ఈ రాష్ట్ర పుష్పం, 1925 నుంచీ దీన్ని కొయ్యడం చట్టరీత్యా నేరం.

వీటికింత తొందరెందుకు? పైన చెట్లు చిగురిస్తే నేల మీదకి ఎండ రాదు. ఆ కాసిన్ని వారాల్లోనే పూసి, కాసి, దుంపలో తిండి దాచుకోవాలి. చాలా మొక్కలు జూన్ చివరికల్లా ఆకుతో సహా మాయం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కంచెల కోసం యూరప్ నుంచి తెచ్చిన బక్‌థార్న్ అందరికన్నా ముందు ఆకు తొడిగి, అందరికన్నా చివర్న రాలుస్తుంది. కింద ఉన్నవాటికి ఎండ కరువు. పైగా హిమానదాలు కప్పిన ఈ నేలలో అసలు వానపాములే లేవు. రైతు నేస్తమని మనం చదువుకున్న వానపాము, బయటినుంచి వచ్చి ఇక్కడి అడవిలో ఆకుల పరుపంతా తినేసి విత్తనాలకి నీడ లేకుండా చేస్తోంది.

ఇది చాలదన్నట్టు ఎండలు. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో 1850లలో థోరో ఏ పువ్వు ఏ రోజు పూసిందో రాసిపెట్టుకున్నాడు. 2008లో పరిశోధకులు పోల్చి చూస్తే అవి సగటున వారం రోజులు ముందుకి జరిగాయి. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనంలో చెట్ల చిగురు పూలకన్నా ఎక్కువ ముందుకి జరిగినట్టు తేలింది. అంటే ఎండ కిటికీ సన్నబడుతోంది.

ఇంతకీ "స్థానికం" అంటే ఏమిటి? బట్లర్ పుట్టిన 1851లోనే డకోటా జాతి చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించి ఈ నేలని అమెరికా తీసేసుకుంది. స్థానిక మొక్కలకి కంచె కట్టినవాళ్ళు స్థానికులు కారు. బట్లర్ కూడా తన మెయిన్ నుంచి మొక్కలు తెప్పించి ఇక్కడ నాటింది. వీసా మీద వచ్చిన నాలాంటివాడు "పరాయి జాతులు పీకెయ్యండి" అన్న మాట చదివితే ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. మన పొలాల్ని పట్టిన వయ్యారిభామ అమెరికా ఖండం నుంచి వచ్చిందే, మన ఆవకాయలో కారమూ అక్కణ్ణుంచి వచ్చిందే. ఒకదాన్ని పీకుతాం, ఒకదాన్ని నూరుకుంటాం. ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కాదు, వచ్చి పక్కదానికి ఎండ మిగిల్చిందా లేదా అన్నదే లెక్క అని నాకనిపిస్తుంది. బక్‌థార్న్‌ని పీకేది అందుకే.

తోట చలికాలం మూసేస్తారు. ఈసారి ఇంటినుంచి పెద్దవాళ్ళొస్తే మే రెండోవారంలో తీసుకెళ్ళండి. మాల్ ఎక్కడికీ పోదు. ట్రిలియం మాత్రం కొన్నాళ్ళే.