రీబ్రీదర్ డైవింగ్ శిక్షణ

వదిలిన ఊపిరిని నీటిలోకి పోనివ్వకుండా, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడాలైమ్‌తో తొలగించి, ఖర్చయిన ఆక్సిజన్‌ను భర్తీ చేసి తిరిగి పీల్చుకోనిచ్చే పరికరం క్లోజ్డ్ సర్క్యూట్ రీబ్రీదర్. బ్రిటన్‌కు చెందిన హెన్రీ ఫ్లూస్ 1878లో, ఆక్సిజన్‌తో పనిచేసే తొలి ఆచరణయోగ్యమైన రూపాన్ని తయారుచేశాడు. ఎంత లోతుకు దిగినా, దీని శిక్షణకు కీలకం పరికరంలోని లోపాన్ని పసిగట్టి స్పందించడమే. ఆక్సిజన్ పాక్షిక పీడనం సుమారు 0.16 బార్ కంటే తగ్గితే స్పృహ తప్పవచ్చు, 1.6 దాటితే మూర్ఛ ముప్పు పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎప్పటికప్పుడు తొలగిపోతుంది కనుక ఆక్సిజన్ తగ్గినా ఆయాసం రాదు, శరీరం నమ్మదగిన హెచ్చరిక ఇవ్వదు. అందుకే ఆక్సిజన్ రీడింగును తరచూ చూడటం, చెక్‌లిస్టు ప్రకారం పరికరాన్ని పరీక్షించడం, అనుమానం రాగానే అత్యవసరానికి విడిగా ఉంచుకునే బెయిలౌట్ సిలిండర్‌కు మారడం అలవాటయ్యేదాకా సాధన చేయిస్తారు.

ఎలక్ట్రానిక్ అలారాలు ఉండగా ఇంత సాధన ఎందుకనే వాదన ఉంది. కానీ అలారం సెన్సార్ల మీదే ఆధారపడుతుంది. సాధారణంగా అమర్చే మూడు ఆక్సిజన్ సెన్సార్లూ ఒకే కాలానివైతే, లేదా తేమ తగిలితే, మూడూ ఒకే తప్పు చూపవచ్చు. మామూలు స్కూబా అనుభవం చాలన్న మాటా నిలవదు. అక్కడ ఊపిరితో తేలుబాటును సర్దుకోవచ్చు; ఇక్కడ వాయువు పరికరంలోనే తిరుగుతుంది కాబట్టి ఆ నేర్పు పనికిరాదు. ఎంతటి అనుభవజ్ఞుడైనా ఈ విద్యను మొదటినుంచి నేర్చుకోవలసిందే.