రోజాలో శరీరానికి శక్తి ఎక్కడిది? కణ శ్వాసక్రియ అంటే ఏమిటి?

సహరీ నుంచి ఇఫ్తార్ దాకా 13, 14 గంటలు ఏమీ తినకపోయినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెదడు పని చేస్తూనే ఉంటుంది. దానికి కారణం కణ శ్వాసక్రియ. ఇది, ఊపిరి పీల్చడం ఒకటి కాదు. ఊపిరి ఆక్సిజన్‌ను లోపలికి తెస్తుంది. ఆ ఆక్సిజన్‌తో కణం ఆహారంలోని శక్తిని బయటికి తీస్తుంది.

రెండు దశలు

మొదటి దశ గ్లైకాలసిస్. ఇది కణద్రవ్యంలో జరుగుతుంది. ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరువేట్ అణువులుగా విడిపోతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. నికరంగా మిగిలేది 2 ఏటీపీ అణువులే. గ్లూకోజ్ పెద్ద నోటు అనుకుంటే, ఏటీపీ చిల్లర లాంటిది. కణం ఏ పనికైనా ఖర్చు పెట్టేది ఈ చిల్లరనే.

రెండో దశ మైటోకాండ్రియాలో జరుగుతుంది. అక్కడ పైరువేట్ పూర్తిగా విడిపోయి కార్బన్ డయాక్సైడ్, నీరు మిగులుతాయి. ఇందులో ముఖ్యమైన క్రెబ్స్ వలయాన్ని 1937లో కనుగొన్న హన్స్ క్రెబ్స్‌కు 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండు దశలు కలిపి ఒక గ్లూకోజ్ నుంచి సుమారు 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. మిగతా శక్తి వేడిగా మారి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది.

రోజా సమయంలో

సహరీలో తిన్నది అరిగిపోయాక కాలేయం తాను దాచుకున్న గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. గంటలు గడిచేకొద్దీ శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. కొవ్వు కూడా మైటోకాండ్రియాలోనే ఖర్చవుతుంది. ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా ఉండవు కాబట్టి వాటికి గ్లూకోజ్ తప్పనిసరి.

షుగర్ ఉన్నవాళ్లు

ఇన్సులిన్ బాగా తగ్గితే రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా కండరాలు, కొవ్వు కణాలు దాన్ని సరిగ్గా తీసుకోలేవు. అప్పుడు కొవ్వు విపరీతంగా కరిగి కీటోన్లు పెరుగుతాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. మరోవైపు ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు ఖాళీ కడుపుతో చక్కెరను మరీ పడగొడతాయి. చెమటలు, వణుకు, తికమక దాని గుర్తులు.

చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. వేలి నుంచి రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఎక్కువమంది ఉలమాల మాట. రోగులు ఆ రోజాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే (అల్ బఖరా, 185) ఉంది. మందుల వేళలు, మోతాదు మార్చుకోవడానికి రంజాన్‌కు ముందే డాక్టర్‌ను కలవడం మంచిది.