అమ్మబోయే ఇంటికి రంగులొక్కటే చాలవు
మరమ్మతులు, పత్రాలు ముందే సరిచూసుకుంటే మేలు

గన్నవరం: పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, తల్లిదండ్రులు కట్టుకున్న ఇల్లు ఏళ్ల తరబడి తాళం వేసి ఉండటం కృష్ణా జిల్లా గ్రామాలలో సర్వసాధారణం. అటువంటి ఇంటిని అమ్మదలచినపుడు చాలామంది గోడలకు రంగులు వేయించి, గేటుకు బోర్డు తగిలించి ఊరుకుంటారు. తీరా బేరం కుదిరే వేళకు శ్లాబు చెమ్మో, దస్తావేజులోని తేడానో బయటపడి కొనుగోలుదారు వెనుదిరుగుతాడు. ఒకసారి బేరం చెడిన ఇంటికి తరువాత వచ్చేవారు ధర తగ్గించి అడగడం పరిపాటి.

గన్నవరం పరిసరాలలో ఇళ్ల ధరలు రాజధాని వార్తలతో ముడిపడి ఉన్నాయి. 2014-15లో అమరావతి ప్రకటనతో పెరిగిన ఉత్సాహం, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదనతో నీరుగారింది. 2024లో అమరావతి పనులు తిరిగి ఊపందుకోవడంతో కొనేవారి రాక పెరిగింది. విమానాశ్రయం, కేసరపల్లిలోని ఐటీ సంస్థలు, చినఅవుటపల్లి వైద్య కళాశాల, గన్నవరం పశువైద్య కళాశాల ఇక్కడి ఇళ్లకు గిరాకీని నిలుపుతున్నాయి. ధరల హెచ్చుతగ్గులు యజమాని చేతిలో లేవు. ఇంటిని, పత్రాలను సిద్ధం చేసుకోవడం మాత్రం ఆయన చేతిలోని పనే.

మరమ్మతుకు ఒక వరుస ఉంది

మొదట నీరు, తరువాత విద్యుత్తు, చివరగా రంగులు. ఈ క్రమం తప్పితే ఖర్చు రెట్టింపవుతుంది. డాబాపై నీరు నిలిచే చోట వాలు సరిచేయించి, పగుళ్లు పూడ్పించి, వర్షపు గొట్టాలలోని ఆకులు, మట్టి తీయించాలి. స్నానాలగది గోడకు అవతలి వైపున సున్నం పెచ్చులూడుతుంటే లోపలి గొట్టం కారుతున్నట్లు అనుమానించాలి. దానిని సరిచేయకుండా పుట్టీ పెట్టి రంగు వేస్తే తొలి వానలకే ఉబ్బి ఊడిపోతుంది.

నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకుపోతుంది. అందువల్ల అటువంటి నేలలో కట్టిన ఇళ్ల గోడలకు బీటలు పడటం సహజం. సన్నని గీతలను పూడ్చితే సరిపోతుంది. మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగే పగుళ్లు, ఏటేటా వెడల్పయ్యే పగుళ్లు ఉంటే ఇంజినీరుకు చూపించి, ఆయన అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. తాళం వేసి ఉన్న ఇళ్లలో ద్వారబంధాలకు, అలమరలకు చెదలు పట్టిందేమో తట్టి చూడాలి. బోరు మోటారు, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి తొట్టి పనిచేస్తున్న స్థితిలో ఉండాలి. కొనేవారు ముందుగా తిప్పి చూసేది కుళాయినే.

వంటగది, స్నానాలగది, ముంగిలి శుభ్రంగా ఉంటే ఇల్లు సగం అమ్ముడైనట్లే. పాత మంచాలు, విరిగిన కుర్చీలు, పెరట్లోని ముళ్లకంప తొలగిస్తే గదులు విశాలంగా కనిపిస్తాయి. గోడలకు లేతరంగులు చాలు. లక్షలు పోసి వంటగదిని కొత్తగా మార్చినా ఆ మొత్తం ధరలో తిరిగి రాకపోవచ్చు. పాత ఇంటిని పడగొట్టి కట్టుకునే ఉద్దేశంతో స్థలం కోసమే వచ్చేవారు అసలే లెక్కచేయరు.

లోపం దాచితే చిక్కే

2024 సెప్టెంబరు తొలి రోజులలో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. ఆ తరువాత 'ఇక్కడికి నీళ్లు వచ్చాయా?' అన్నది ఈ ప్రాంతంలో కొనుగోలుదారు తప్పక అడిగే ప్రశ్నగా మారింది. నీటి మరకపై రంగు పూసి, రాలేదని చెప్పడం తెలివి కాదు. ఇరుగుపొరుగును అడిగితే నిజం క్షణంలో తెలుస్తుంది.

చట్టమూ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని విక్రేత వెల్లడించి తీరాలి. ఆ లోపం కట్టడంలో ఉన్నా, హక్కులో ఉన్నా నియమం ఒక్కటే. దాచడాన్ని చట్టం మోసంగా పరిగణిస్తుంది.

గన్నవరానికి ప్రత్యేకమైన మరో అంశం విమానాశ్రయం. దాని చుట్టుపక్కల భవనాల ఎత్తుపై పరిమితులు ఉన్నాయి. నిర్ణీత ఎత్తు దాటితే విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం కావాలి. కనుక 'పైన ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు' అని విచారించకుండా హామీ ఇవ్వరాదు.

పత్రాలు ముందే సిద్ధం

అసలు దస్తావేజు, లింకు దస్తావేజులు, ఆమోదిత ప్లాను, ఇంటిపన్ను రశీదులు, విద్యుత్ బిల్లులు ఒకే సంచికలో ఉంచుకోవాలి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీసుకుని పేర్లు, సర్వే నంబరు, హద్దులు దస్తావేజుతో సరిపోల్చాలి. స్థలాన్ని టేపుతో కొలిపించడం మేలు. సెంటుకు 48.4 చదరపు గజాలు. గజం ధర వేలల్లో పలికే చోట రెండు గజాల తేడా అయినా బేరాన్ని ఆపగలదు. బ్యాంకు రుణం తీరినా తాకట్టు రద్దు నమోదు కాకపోతే ఈసీలో అది అలాగే కనిపిస్తుంది. ముందుగానే రద్దు చేయించుకోవాలి.

వారసత్వపు ఇల్లయితే సంతకాలు కీలకం. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు, దేశవ్యాప్తంగా 2005లో వచ్చిన సవరణ కుమార్తెలందరికీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో సమానహక్కు కల్పించాయి. తల్లిదండ్రుల స్వార్జితం వీలునామా లేకుండా సంక్రమించినా కుమార్తెలు వారసులే. అన్నదమ్ములు మాత్రమే సంతకం చేసి అమ్మిన ఇంటిపై తరువాత ఆడపడుచులు కోర్టుకెక్కితే అమ్మినవారికీ కొన్నవారికీ ఇబ్బందే. ఇంటికి రంగు వేయించే ముందే తోబుట్టువులంతా కూర్చుని మాట్లాడుకోవడం ఉత్తమం. విదేశాలలో ఉన్న వారసులు పవరాఫ్ అటార్నీ పంపదలిస్తే అక్కడ ధ్రువీకరణ చేయించాలి. అది భారత్ చేరిన మూడు నెలలలోగా స్టాంపు వేయించాల్సి ఉంటుంది.

సమయం, సొమ్ము

ఆషాఢం, పుష్యమాసాలలో ఇళ్ల బేరాలకు చాలామంది వెనుకాడుతారు. వేసవిలో శ్లాబు, గోడల పనులు ముగించి, పత్రాలు సరిచేసుకుంటే శ్రావణం నాటికి ఇల్లు చూపడానికి సిద్ధంగా ఉంటుంది. వానాకాలంలో వేసిన రంగు సరిగా ఆరదు.

బయానాగానైనా సరే రూ.20 వేలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోరాదని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధన అమలులోకి వచ్చింది. ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే కొనుగోలుదారు ఒక శాతం పన్ను మినహాయించి చెల్లిస్తాడు. విక్రేత ప్రవాస భారతీయుడైతే ఈ పరిమితి వర్తించదు, కోత కూడా ఎక్కువే. కొత్తగా గది కట్టించడం వంటి శాశ్వత పనుల ఖర్చును లాభం లెక్కలో తగ్గించుకునే వీలుంది. సాధారణ మరమ్మతులకు, రంగులకు ఆ సౌలభ్యం ఉండదు. అందుచేత ప్రతి పనికీ బిల్లు తీసుకుని భద్రపరచాలి.